మోకాళ్ల లోతు నీళ్లలో మామ

"మీ నేవీ మామ పోయిండు బిడ్డా" అన్నది అత్త ఫోన్లో. నేను ఏదో అనబోయేలోపే తనే, "నేవీ గాదులే. ఆయన వింటె కొట్లాడుతుండె" అని దిద్దుకున్నది. ఆ తర్వాత ఏడ్చింది. పొద్దున జొన్నరొట్టె తిని, మంచం మీద కూర్చొని చెప్పులు తొడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయాడట. గద్వాల దవాఖానకు తీసుకుపోదామని ఆటో పిలిచారు గానీ, అది వచ్చేసరికే అయిపోయింది.

అప్పుడు నేను వనపర్తిలో మా స్కూలు స్టాఫ్‌రూములో ఉన్నాను. సాంఘికశాస్త్రం చెప్తాను. సైన్యం, నౌకాదళం, వైమానికదళం అని ఏటా బోర్డు మీద మూడు గీతలు గీసి పిల్లలకు వివరించేదాన్ని నేనే. మా మామ ఆ మూడింటిలో ఏ గీత కింద పడతాడో మాత్రం ఇన్నేళ్లలో నాకు కచ్చితంగా తెలియలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ తెలియకపోయినా నడిచిపోయింది. అడిగితే చెప్పేవాడు, విన్నంతసేపూ అర్థమైనట్టే ఉండేది, ఇంటికొచ్చాక మళ్లీ అంతా కలగాపులగం అయ్యేది. అది తేల్చే పని ఆయన పోయాక నా నెత్తిన పడుతుందని ఆ రోజు బస్సెక్కేటప్పుడు అనుకోలేదు.

మాది ధరూర్ మండలంలో కృష్ణ పక్కనున్న ఊరు. గద్వాలలో బస్సు దిగి, షేర్ ఆటోలో ఊరు చేరేసరికి వాకిట్లో టెంటు వేసి ఉంది. టెంటుకు ముందు ఫ్లెక్సీ. దాన్ని చూసి సంచి ఆటోలోనే మరిచిపోయి నిలబడ్డాను. తెల్లటి ప్యాంటు, తెల్లటి కోటు, ఛాతీ నిండా పతకాలు, వెనక ఇంత పెద్ద ఓడ, ఓడ మీద విమానాలు. ఆ కోటు మెడ మీద మా మామ తల, ఆధార్ కార్డులో ఉన్నది. ఊళ్లో పిల్లలు మంచి మనసుతోనే చేయించారు. ఫ్లెక్సీ దుకాణంలో నేవీ ఆయన అని చెప్పారట, దుకాణంవాళ్లు తమ దగ్గరున్న బొమ్మకు తల అతికించి ఇచ్చారు. ఎవరో అత్తను పట్టుకుని బయటికి తెచ్చారు. ఆమె ఫ్లెక్సీని కాసేపు చూసి, కోపం లేకుండా, నిజంగానే తెలియనట్టు, "గీయన ఎవరు బిడ్డా?" అని నన్నడిగింది.

ఆమెను టెంటు నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టాను. 

శవపెట్టె దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మాజీ సైనికులు ఇద్దరు పూలదండలతో వచ్చారు. ఒకాయన తెలకపల్లి నుంచి, సైన్యంలో కొండల మీద పనిచేసి వచ్చినవాడు. ఇంకొకాయన వనపర్తి, నౌకాదళంలో చేసి రిటైరైనవాడు. దండ ముందు ఎవరు వేయాలన్నది తేలలేదు. పోట్లాడుకుని ఉంటే అది వేరే సంగతి, వాళ్లు పోట్లాడుకోలేదు. మీవాడు కదా మీరు వేయండి అని నౌకాదళం ఆయన, మీ ఓడల మీదే కదా తిరిగాడు మీరే వేయండి అని సైన్యం ఆయన. మర్యాద మీద మర్యాద పెరిగిపోతోంది, ఎండ నెత్తి మీదికొచ్చింది, పాస్టరుగారు బైబిలు మూసి మళ్లీ తెరిచారు. చివరికి ఇద్దరూ పెట్టెకు చెరోపక్క నిలబడి ఒక్కసారే వేశారు. మామ ఉంటే ఈ తతంగం చూసి పడీపడీ నవ్వేవాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

మట్టి చేసి వచ్చిన మర్నాడు అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. జ్ఞాపకార్థ కూడిక నాటికి సమాధి మీద రాయి నిలబెట్టాలి, ఆ రాయి మీద ఆయన ఏం పని చేశాడో ఒక్క ముక్క ఉండాలి. ఊరంతా తలా ఒకటి చెప్తున్నారు. చదువుకున్నదానివి, నువ్వే రాసివ్వాలి అన్నది. ఆమె మాట తీరు బతిమాలినట్టు లేదు, అప్పగించినట్టు ఉంది.

"బతికినన్ని దినాలు తప్పు చెప్తనే ఉండ్రి, ఆయన దిద్దుకుంటనే పాయె. రాయి మీద తప్పు వడితె ఎవరు దిద్దుతరు? ఆయన లేడుగద" అన్నది.

సరే అన్నాను. సరే అన్నాక భయం వేసింది.

ఆయన చెప్పినవన్నీ గుర్తు చేసుకుంటూ పోయాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓసారి సెలవుల్లో ఇంటికి పోయి, మామా నువ్వసలు ఏ దళం, నాకు పాఠం చెప్పేటప్పుడు అక్కరకొస్తుంది అని అడిగాను. మామ పల్లికాయలు ఒలుస్తున్నాడు. ఒలిచేది ఆపి, కాయల్ని మంచం మీద వరసలు పేర్చడం మొదలుపెట్టాడు. పది కాయలొక జట్టు. అలాంటి జట్లు మూడు కలిస్తే ఒక ప్లాటూను, మూడు ప్లాటూన్లు కలిస్తే కంపెనీ, నాలుగు కంపెనీలయితే పటాలం. అంతవరకూ నాకు బాగానే ఉంది. ఆ తర్వాత చెంబు తెచ్చి పక్కన పెట్టి, ఇది ఓడ అన్నాడు. అక్కడి నుంచి తికమక మొదలైంది.

వెనకటి కాలంలో కట్టె ఓడలు ఉన్నప్పుడు, తెరచాపలు చూసేవాళ్లు వేరు, తుపాకి పట్టుకుని నిలబడేవాళ్లు వేరు ఉండేవారట. ఈ తుపాకులవాళ్లకు ఓడ నడపడం రాదు. నావికులు తిరగబడకుండా కాపలా కాయడం, ఎదుటి ఓడ దగ్గరికొస్తే అందులోకి దూకడం, ఒడ్డు కనబడితే దిగి పోరాడడం వాళ్ల పని. కొన్ని దేశాల్లో వాళ్లే పెరిగి పెరిగి ఒక ప్రత్యేక దళమయ్యారు. ఒకచోట అది నౌకాదళం కింద ఉంటుంది, ఇంకోచోట దాని పెద్దలు దానికే ఉంటారు, సొంత విమానాలు కూడా ఉంటాయి. మనకు ఆ పేరుతో దళమే లేదు. మన దగ్గర సైన్యంలోని పటాలాల్నే కొన్నింటిని తెచ్చి, దీవుల్లో, సముద్రం ఒడ్డున ఉంచి, ఓడలోంచి దిగడం నేర్పిస్తారు. కొన్నేళ్లు చేశాక ఆ పటాలం కొండలకో ఎడారికో పోతుంది, ఇంకోటి వస్తుంది. ఓడలు నౌకాదళానివి. నౌకాదళంలోనే సముద్రం మీద పనిచేసే కమాండోలు ఉన్నారు, కానీ వాళ్లు కొద్దిమంది, వాళ్ల పని వేరు. అండమాన్ దీవుల్లో అయితే మూడు దళాలకూ కలిపి ఒక్కరే పెద్ద.

ఇదంతా చెప్పి, పల్లికాయల్ని చెంబులో పోసి, మంచం అవతలి అంచున మళ్లీ బయటికి పోశాడు. "గిదీ మా పని. ఓడ మాది గాదు, నీళ్లు మావి గావు. ఒడ్డొక్కటే మాది" అన్నాడు.

అయితే నువ్వు ఆర్మీనా అంటే అవునన్నాడు. మరి సముద్రం మీద చేశావు కదా అంటే అదీ అవునన్నాడు. నేను నోట్సు రాసుకోకుండా పల్లీలు తిన్నాను.

ఊళ్లో వాళ్లకు ఇంత ఓపిక ఎక్కడిది? ఓడెక్కాడు కాబట్టి నేవీ అన్నారు. పైగా మామ పని యుద్ధం చేసేది కూడా కాదు. ఓడ దిగిన మనుషుల్ని, బండ్లను ఒడ్డు మీద ఎవరిని ఎటు పంపాలో చూసే జట్టులో ఆయన ఉండేవాడు, చేతిలో జెండాలు పట్టుకుని. ఒకసారి అది చెప్పినందుకు కొంతకాలం ఆయన్ను ట్రాఫిక్ పోలీసనుకున్నారు. కృష్ణ ఒడ్డువాడు కాబట్టి గొప్ప ఈతగాడని ఇంకో పేరు. నిజానికి మామకు ఓడ పడేది కాదు. ఎక్కిన దగ్గర్నుంచీ కక్కుకుంటూనే ఉండేవాడినని, ఒడ్డు మీద ప్రేమ అలా పుట్టిందని చెప్పేవాడు. పదవీ విరమణ తర్వాత ఊళ్లో చేపల కూర వండిన ఇంటికి భోజనానికి పిలిచినా పోయేవాడు కాదు, ఆ వాసనకు ఓడ గుర్తొస్తుందని.

బస్సులో మామతో పోవడం నాకు చిన్నప్పుడు నామోషీ. దిగినవాళ్లు తలుపు ముందే నిలబడి సంచులు లెక్క చూసుకుంటారు కదా, చీర సర్దుకుంటారు కదా, అది ఆయన కంట పడకూడదు. ఎవరైనా సరే, ఎరిగినవాళ్లు కాకపోయినా సరే, "దిగినంక నిలవడొద్దు. నడువుండ్రి, ఎన్కోళ్లకు తొవ్వ ఇయ్యుండ్రి" అని కేకేసేవాడు. గద్వాల బస్టాండులో ఆయన్ను చూసి కండక్టర్లు నవ్వుకునేవారు. ఎందుకు మామా నీకీ గోల అంటే, ఒడ్డుకొచ్చి ఓడ ముందు తలుపు నోరులా తెరుచుకున్నప్పుడు మొదట దిగినవాడు భయంతో అక్కడే ఆగితే వెనకున్న పటాలమంతా ఇరుక్కుంటుందని చెప్పాడు. ఇది బస్సు మామా అన్నాను. ఏదైనా ఒకటే అన్నాడు.

ఆయన వల్ల మాకు జరిగిన మేలు ఒకటి చెప్పకుండా ఉండలేను. మా అమ్మానాన్నలు పంటలు అయిపోగానే పనికి దేశం పోయేవాళ్లు, అంటే దూరపు ఊళ్లకు కూలికి వలస. కూలీలను కుదిర్చే మేస్త్రీ లారీ పంపేవాడు, పది ఇళ్ల సామాను అందులో గుట్టగా వేసి, పైన మేమంతా కూర్చునేవాళ్లం. ఒక ఏడు అక్కడ దిగేసరికి జోరు వాన. కప్పుకోవాల్సిన తాటిపత్రి అన్నిటికంటే కింద ఉంది, పొయ్యి సామాను దాని పైన, అందరి సామాను దించితే గానీ అవి బయటపడలేదు. బియ్యం తడిసిపోయాయి, నాకు జ్వరం వచ్చింది. అమ్మ ఈ సంగతి చెప్పి ఏడిస్తే మామ విన్నాడు. మరుసటి ఏడు సెలవు పెట్టి వచ్చి లారీ దగ్గర నిలబడ్డాడు.

"ముందల కావాల్సింది ఆఖరికి ఎక్కియ్యాలె. దిగంగనే ఏం గావాలెనో గది సోంచాయించుండ్రి, ఎక్కేటిది గాదు" అని చెప్తూ ఒక్కో ఇంటి సామానూ ఆయనే పెట్టించాడు. పరుపులు, పెట్టెలు కిందికి పోయాయి. తాటిపత్రి, పొయ్యి, నీళ్ల బిందె, చంటిపిల్లల గుడ్డలు తలుపు దగ్గరికి వచ్చాయి. మేస్త్రీ విసుక్కున్నాడు. ఆ ఏడు దిగిన కాసేపటికే అమ్మ చాయ్ పెట్టింది. అప్పటి నుంచి మా ఊరి లారీలన్నీ అలాగే నిండుతున్నాయి, ఎవరు నేర్పారో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఓడ నింపే పద్ధతిని కూలీల లారీకి తెచ్చినవాడు మా మామ అని నేను మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ వ్యాసం మొత్తంలో నేను గట్టిగా చెప్పగలిగింది బహుశా ఇదొక్కటే.

ఇంకో జ్ఞాపకం పుట్టి పడవది. ఏటి అవతల చుట్టాల పెళ్లికి పుట్టిలో పోయాం. అంత నోరున్న మామ ఆ గుండ్రటి బుట్టలో ఎక్కిన దగ్గర్నుంచీ మూగవాడయ్యాడు. పుట్టి నడిపే ఆయన ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నాడు, కదలొద్దంటే కదల్లేదు. అత్త ఎగతాళి చేసినా పలకలేదు. పుట్టి అడుగు ఇసుకకు తగిలిందో లేదో లేచి, నువ్వు దిగు, నువ్వు ఆ పాపను అందుకో అని పెత్తనం మొదలుపెట్టాడు. నేను అడిగితే, "నీళ్ల మీద పెత్తనం ఓడాయనది, ఒడ్డు తగిలినంక మాది. గట్లనే ఉంటది మా కాడ" అన్నాడు. మరి నీళ్లూ కాదు ఒడ్డూ కాదు, మోకాళ్ల లోతులో ఉన్నప్పుడు ఎవరిది అని నేను చిలిపికి అడిగాను. మామ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. 

"గాడనే తికమక. పెద్దపెద్దోళ్లు గూడ గాడనే తికమక అయితరు" అన్నాడు.

రాయి కోసం గద్వాల పోయేటప్పుడు నా సంచిలో మామ గురించి నేను రాసుకున్న పేరా ఉంది. పరీక్ష జవాబులా చాలా పొడవుగా వచ్చింది. సైన్యానికి చెందిన, నౌకాదళ ఓడల ద్వారా, దీవుల రక్షణ నిమిత్తం అంటూ పోయింది. అత్త కూడా నాతో వచ్చింది. రాళ్లు చెక్కే ఆయన ఆ కాగితం చూసి, ఇది గోడకైతే పడుతుంది గానీ రాయికి పట్టదన్నాడు. సిలువ పైన చెక్కుతానని, కింద ఒక బొమ్మ పెట్టుకోవచ్చని, తన దగ్గరున్నవి చూపించాడు. ఒకటి లంగరు, ఇంకోటి రెండు తుపాకులు అడ్డంగా పెట్టింది.

రెండూ పెట్టొచ్చా అని అడిగాను. "ఏదన్న ఒకటి చెప్పుండ్రి మేడం. రెండు వెడితె చూసేటోళ్లు పరేషాన్ అయితరు" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేనే పరేషాన్‌గా ఉన్నాను. పింఛను కాగితాల ప్రకారం మామ సైన్యమే, ఆ మాట రాస్తే అబద్ధం కాదు. కానీ అలా రాస్తే ఎక్కడో మంచుకొండల మీద పనిచేశాడనుకుంటారు, ఆయన జీవితంలో సముద్రం లేనట్టే అవుతుంది. లంగరు పెడితే ఓడ ఆయనదవుతుంది. ఓడ మాది కాదని ఎన్నిసార్లు చెప్పాడు! ఏది రాసినా సగం మామే రాయి మీదికి వస్తాడు. మిగతా సగాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నాకు ఆ దుకాణంలోనే కళ్లనీళ్లు తిరిగాయి.

అత్త ఇంకా చెక్కని ఒక బండ మీద కూర్చుని ఉంది.  ఆమెకు కూడా ఇవన్నీ తెలియవని నా లెక్క. అప్పుడు చెప్పింది. దీవుల్లో ఇల్లిచ్చిన కాలంలో ఒకసారి సిపాయిల ఇంటివాళ్లందర్నీ తీసుకుపోయి, ఓడలోంచి దిగే కసరత్తు దూరం నుంచి చూపించారట. పెళ్లయిన కొత్త. ఆయన్ను చూద్దామని ముస్తాబై పోయిందట.

"ఓడ వచ్చి నోరు తెరిచింది. అందరియి ఒకటే బట్టలు, ఒకటే టోపీలు. ఎవరు ఎవరో నాకు తెల్వలె. దిగినోడు దిగినట్టే ఉరుకుతుండు. ఒక్కడు మాత్రం కదుల్తలేడు. మోకాళ్ల మట్టుకు నీళ్లల్ల నిలవడి, నువ్విటు నువ్వటు అని జెండతోని పంపుతనే ఉండు. నీళ్లొచ్చి కొడుతున్నా కదుల్తలేడు. అందరు ఒడ్డెక్కినంక ఎక్కిండు. దగ్గరికి వచ్చినంక చూస్తె మీ మామ" అన్నది.

 బస్సు దగ్గర, లారీ దగ్గర, ఏటి ఒడ్డున, నిలబడొద్దు నిలబడొద్దని మమ్మల్ని జీవితమంతా తరిమిన మనిషి. ఆయన పని నిలబడడమే అని మాకెవరికీ తట్టలేదు. కాగితం వెనక్కి తిప్పి, అత్త చెప్పిందే రాసి ఆమెకు చదివి వినిపించాను. ఒక అక్షరం మార్చమనలేదు. బొమ్మ ఏదని చెక్కే ఆయన అడిగితే ఏదీ వద్దంది. మరి ఆర్మీనా నేవీనా రాయలేదు కదమ్మా అంటే, అడిగినోళ్లకు నేను చెప్తలే అన్నది.

జ్ఞాపకార్థ కూడికకు రాయి నిలబడింది. పైన సిలువ. దాని కింద ఆయన పేరు, ఆ కింద "సిపాయి. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి అందరినీ ఒడ్డెక్కించినవాడు." ప్రార్థన అయ్యాక జనం సమాధుల తోటలోకి పూలు పట్టుకుని వరసగా వచ్చారు. తెలకపల్లి ఆయన చదివి, సిపాయి అని ఉంది కాబట్టి తమవాడేనని తృప్తి పడ్డాడు. వనపర్తి ఆయన నీళ్లలో అన్న మాట చూసి తలాడించాడు. ఊరి పిల్లలు మాత్రం ఇంతకీ నేవీయేనా అని ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. నన్నడిగితే నాకూ తెలియదు. బోర్డు మీద మూడు గీతలు ఎప్పటిలాగే గీస్తున్నాను, రెండు గీతల మధ్య ఖాళీ దగ్గర చేయి కాసేపు ఆగుతోంది.

నా వంతు వచ్చి పూలు పెట్టాను. లేచి, మళ్లీ ఆ అక్షరాలు చదువుతూ నిలబడిపోయాను. సరిగ్గానే రాశానా, ఇదైనా ఒప్పుకునేవాడా, అడగడానికి మనిషి లేడే అని బెంగ. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, వెనక వరస ఆగిపోయింది. అత్త చేయి నా భుజం మీద పడింది.

"నడువు బిడ్డా. ఎన్కోళ్లకు తొవ్వ ఇయ్యి" అన్నది.

నడిచాను. తోట గేటు దగ్గరికి వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. అత్త మాత్రం కదల్లేదు. రాయి పక్కనే నిలబడి, పూలు పెట్టినవాళ్లను పెట్టినట్టే, నువ్విటు, నువ్వటు అని చేత్తో పంపిస్తోంది.